పదిహేడో ప్రశ్న మీద అభ్యంతరం

స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
జూలై 3

అక్కా,

ఫోన్ చేస్తే మిషన్ల చప్పుడులో నా మాట నీకు సగం వినపడదు. మిగతా సగం విననట్టు నటిస్తావు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం. నేను కులాసా అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, నువ్వు నమ్మక్కర్లేదు.

మా డిపార్ట్‌మెంటులో కొత్త తలనొప్పి వచ్చిపడింది. మొదటి సంవత్సరం పిల్లలకి నేను చెప్పే 'ఆర్థికశాస్త్ర పరిచయం' ఇక క్లాసులో ఉండదట. వేసవిలోనే నాచేత పన్నెండు పాఠాలు వీడియో తీయించి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు చూసుకోవచ్చు. పీడా పోయింది కదా అంటావేమో. పోలేదు. చివరి పరీక్షకి రెండొందల మంది కూర్చుంటేనే కోర్సు ఉంచుతారట. ఒక్కరు తగ్గినా ఎత్తేసి, బయటి వీడియోలు తెచ్చుకుంటారట. మా హెడ్డు ఈ మాట టీ ఊదుకుని తాగుతూ చల్లగా చెప్పాడు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నదాన్ని, కోర్సు పోతే నేనూ పోయినట్టే. ఈ వయసులో నన్ను ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు?

చేరిన పిల్లలు నూట తొంభై మూడు మంది. పన్నెండో తరగతి పాసైతే బయటివాళ్ళు కూడా చేరొచ్చని రూలుంది. మా ఆయన వైపు వాళ్ళని బతిమాలి ఆరుగురిని చేర్చాను. ఇంకొక్కరు కావాలి. నువ్వు పేరిస్తే చాలు అక్కా. ఏమీ చూడక్కర్లేదు, చదవక్కర్లేదు. వారం వారం వచ్చే చిన్న పరీక్షలకి జవాబులు నేనే పంపుతాను. నీ పన్నెండో తరగతి మార్కుల కాగితం ఫొటో తీసి పంపు. ఈ సాయం చేసిపెట్టు.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
జూలై 14

చిట్టీ,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నవ్వు నా గురించి, మంట మీ హెడ్డు గురించి. నర్సుల కోట్లు కత్తిరించుకునే కటింగ్ మాస్టర్‌ని, నేను యూనివర్సిటీ స్టూడెంటునా! మా కాజాల ఆవిడకి చెప్తే చేతిలో సూది కింద పడేసుకుంది. కోట్లకి కాజాలు కుడుతుంది కాబట్టి అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. అసలు పేరు ఆవిడే మర్చిపోయి ఉంటుంది.

కాగితం దొరికింది. ఆవిడే ఫొటో తీసి పంపింది, నాకా ఫోను విద్యలు రావు. లెక్కల మార్కు దగ్గర మడత చిరిగింది. కనపడకపోతే చెప్పు, అది తొంభై ఎనిమిది.

నా పేరు వల్ల నీ ఉద్యోగం నిలబడుతుందంటే పదిసార్లు రాసుకో. ఇందులో బతిమాలడమెందుకు?

అక్క


స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
జూలై 25

అక్కా,

కాగితం స్పష్టంగానే ఉంది. నిన్ను చేర్చేశాను. రెండొందల లెక్క సరిపోయింది, గుండె మీద బండ దిగినట్టుంది. ఫారంలో 'ఈ కోర్సులో ఎందుకు చేరుతున్నారు?' అని ఒక గడి ఉంటే, నీ తరఫున 'కాలక్షేపం కోసం' అని రాశాను. ఏం అనుకోకు, ఏదో ఒకటి రాయకపోతే ముందుకి వెళ్ళనివ్వదు.

పాస్‌వర్డు విడిగా పంపుతున్నాను. పోగొట్టకు. మళ్ళీ చెప్తున్నాను, పాఠాలు చూస్తూ కళ్ళు పాడుచేసుకోకు. నేను చెప్పిన రోజున, నేను చెప్పిన అక్షరం నొక్కితే చాలు.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
ఆగస్టు 20

చిట్టీ,

చూస్తున్నాను. నీ మాట ఎప్పుడు విన్నాను గనక!

మధ్యాహ్నం భోజనాల వేళ మిషన్లు ఆపుతారు కదా. కటింగ్ టేబుల్ చివర కూర్చుని, ఫోనుని దారపు కండెకి ఆనించి పెట్టుకుంటాను. ఇయర్‌ఫోన్లలో ఒకటి నా చెవికి, రెండోది కాజాల ఆవిడకి. మీ చెల్లెలు చక్కగా చెప్తుంది గానీ వేసుకున్న నీలం కోటు భుజాల దగ్గర వదులుగా ఉందని ఆవిడ అభిప్రాయం. నాదీ అదే అభిప్రాయం. కొలతలు పంపు.

కోరికలకి అంతులేదు, వనరులకి అంతుంది అని నువ్వు అరగంట చెప్పింది నాకు రోజూ టేబుల్ మీద కనిపించే సంగతే. గుడ్డ ఇంతే ఇస్తారు, కోట్లు మాత్రం అన్ని కావాలంటారు. కాలరు ముక్కని తిప్పి చేతి ముక్క పక్కన ఇరికిస్తే పాతిక కోట్లకి ఒక కోటు గుడ్డ మిగులుతుంది. నేను ఇన్నేళ్ళూ చేసినదానికి ఒక శాస్త్రం ఉందని తెలిసి ఎంత ముచ్చటేసిందో నీకు చెప్పలేను. ఇంటికెళ్ళి పాత నోటుపుస్తకం ఒకటి తీసి గ్రాఫులు గీస్తున్నాను. చెయ్యి మర్చిపోలేదే!

ఒకటి అడగనా? మూడో పాఠంలో, టీ ధర పెరిగితే కాఫీకి గిరాకీ పెరుగుతుందని నోటితో చెప్పి, బోర్డు మీద గీతని మాత్రం ఎడమకి జరిపావు. కుడికి కదా జరగాలి? మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. నాదే పొరపాటేమో చెప్పు.

చిన్న పరీక్షలు నేనే రాసుకుంటున్నాను. నువ్వు పంపే జవాబులు తెరవడం లేదు.

అక్క


స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
సెప్టెంబరు 2

అక్కా,

గీత సంగతి నిజమే. కుడికే జరగాలి. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. ఎవరికీ చెప్పకు.

నువ్వు ఇంత శ్రద్ధగా చూస్తావని నేను అనుకోలేదు. సంతోషమే, కాదనను. కానీ రోజంతా నిలబడి గుడ్డ కోసి, భోజనం వేళ కూడా విశ్రాంతి లేకపోతే ఎలా? ముఖ్యంగా ఐదో పాఠం వదిలెయ్. అంతా నిర్వచనాలు, ఆవలింతలు తప్ప ఏమీ రావు. జవాబులు ఇదే కవరులో పెట్టాను, నొక్కేసి నేరుగా ఆరో పాఠానికి వెళ్ళిపో.

కోటు కొలతలు తర్వాత పంపుతాను.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
సెప్టెంబరు 15

చిట్టీ,

వదిలెయ్ అన్నావు కాబట్టి ఐదో పాఠం రెండుసార్లు చూశాను. నువ్వు చెప్పిన మాటలు నోటుపుస్తకంలో దింపుకున్నాను, నీకే చదివి వినిపిస్తాను:

"ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒక్కరినే చదివించే స్తోమత ఉంది. పెద్దమ్మాయికి చదువంటే పడదు, కుట్టుపనంటే ఇష్టం. కుట్టుపనికి వెళ్ళింది. చిన్నమ్మాయి చదువుకుంది. ఒకటి ఎంచుకోవడం కోసం మనం వదులుకున్నవాటిలో మేలైనదే అవకాశ వ్యయం. మరి పెద్దమ్మాయి అవకాశ వ్యయం ఎంత? అక్కర్లేనిదాన్నే వదులుకుంది కాబట్టి, సున్నా."

సున్నాని బోర్డు మీద గుండ్రంగా గీసి, ఇటు తిరిగి నవ్వావు. కాజాల ఆవిడ కూడా నవ్వింది. "అదృష్టవంతురాలు, ఏమీ పోగొట్టుకోలేదు" అంది. నేను అన్నం డబ్బా మూసేసి వెళ్ళి కత్తెర పట్టుకున్నాను. అరగంటలో ఇరవై చేతి ముక్కలు తప్పు కోశాను. ఇన్నేళ్ళ పనిలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆనాటి సంగతి నీకు తెలియదు గనక చెప్తున్నాను. నాకు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కల్లో సీటు. పదిహేను రోజుల్లో వచ్చి చేరమన్నారు. అప్పటికే నాన్న చూపు తగ్గి ప్రెస్సు పని మానేశాడు. ఆ ఉత్తరం చూపిస్తే ఆయన నన్నే పంపేవాడు, నీ స్కూలు మాన్పించేవాడు. అందుకని దాచేశాను. ఆయన పిలిచి "ఏం చేద్దామనుకుంటున్నావే?" అని అడిగినప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటున్నావు. జీవితాంతం ఆ బరువు నీ మీద ఉండకూడదని, నీకు కూడా వినపడేలా గట్టిగా అన్నాను: "నాకీ చదువంటే విసుగు నాన్నా, మిషను నేర్చుకుంటా." ఆ తర్వాత నెల రోజులు మిషను తొక్కుతూ ఏడ్చాను. ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

నాకు నీ మీద కోపం లేదు, నువ్వు విన్నదే నమ్మావు. ఇప్పుడు తెలిసింది కదా. ఆ సున్నా తీసెయ్. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను.

అక్క


స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
అక్టోబరు 1

అక్కా,

అది ఉదాహరణ. పిల్లలకి అర్థమవ్వాలని ఏదో ఒక ఇల్లు చెప్తాం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్న ఇల్లు మనదొక్కటేనా? నీ గురించే అని నీకు నువ్వే అనుకుని, నన్ను బోనులో నిలబెట్టడం ఏం బాగుంది?

పైగా విసుగని చెప్పింది నువ్వు. నీ నోటితో నువ్వన్న మాటే నేను విన్నాను. నీలం గీతల పొడుగు కవరు ఒకటి వచ్చిందని, అందులో నీ సీటు ఉందని ముప్పై రెండేళ్ళు దాచి ఇప్పుడు నా మొహాన కొడితే నేనేం చేయను? నన్ను అడిగి త్యాగం చేశావా? నేను చెయ్యమన్నానా? ఇంట్లో అందరి తరఫునా నువ్వే నిర్ణయాలు తీసుకున్నావు, ఇప్పుడు నిందేమో నాకు.

వీడియోలు యూనివర్సిటీ సొత్తు. ఒక్క ముక్క మార్చాలన్నా కోర్సు మొత్తం కమిటీ ముందుకి వెళ్తుంది. నా మెడ మీద కత్తి వేలాడుతున్న ఈ ఏడాదే అది కావాలా? దయచేసి పెద్దది చెయ్యకు.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
అక్టోబరు 9

చిట్టీ,

ఉత్తరం వచ్చిందని మాత్రమే రాశాను. కవరు పొడుగని గానీ, దాని మీద నీలం గీతలున్నాయని గానీ నేను రాయలేదు. నాన్నకి కూడా చూపించని కవరు నువ్వెప్పుడు చూశావు?

అక్క


స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
అక్టోబరు 24

అక్కా,

పది రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను.

చూశాను. నాన్న నిన్ను అడిగిన రోజుకి ముందు రోజే చూశాను. నా రిబ్బను కోసం దుప్పట్ల పెట్టె వెతుకుతుంటే అడుగున దొరికింది. లోపలి కాగితం తీసి మొత్తం చదివాను. మళ్ళీ అదే మడతల్లో పెట్టేశాను. మర్నాడు గుమ్మంలో నిలబడి నువ్వు విసుగనడం విన్నాను. అబద్ధమని నాకు తెలుసు. "అక్కకి సీటొచ్చింది నాన్నా" అని ఒక్క మాట అంటే చాలు. అంటే నా స్కూలు పోతుంది. అదీ నాకు తెలుసు. జడ అల్లుకుంటూ ఉండిపోయాను.

తర్వాత నీ మాటే నిజమని అనుకోవడం మొదలుపెట్టాను. అలా అనుకుంటే హాయిగా ఉండేది. అనుకోగా అనుకోగా నమ్మకం కుదిరింది. ఆ ఉదాహరణ పదహారేళ్ళుగా క్లాసులో చెప్తున్నాను. చెప్పినప్పుడల్లా మనసు తేలికయ్యేది, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. నీ మార్కుల కాగితంలో తొంభై ఎనిమిది చూడగానే ఆ ఫొటో మూసేశాను. అందుకే దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. కానీ అక్కా, పరీక్ష నవంబరు పన్నెండున. ఏడుగురు పిల్లలు మానేస్తే ఇంకో ఏడుగురిని కాళ్ళావేళ్ళా పడి తెచ్చాను. ఇప్పుడు నీతో కలిపి సరిగ్గా రెండొందలు. నువ్వు కూర్చోకపోతే నేను వీధిన పడతాను. జవాబులన్నీ ఈ కవరులో పెట్టాను. కూర్చుంటావు కదా?

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
నవంబరు 20

చిట్టీ,

కూర్చున్నాను. కార్ఖానాలో సగం పూట సెలవడిగి రాశాను. ఎందుకని మా ఓనరు అడిగితే పరీక్షుందని చెప్పాను, ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నీ రెండొందలు పూర్తయ్యాయి, నిశ్చింతగా ఉండు. నీ జవాబుల కవరు ముట్టుకోలేదు. మార్కులు ఇవాళే పెట్టారు, ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి.

తప్పు పోయింది పదిహేడో ప్రశ్న. ఐదో పాఠంలోని పెద్దమ్మాయి వదులుకున్నదేమిటి అని. నాలుగు జవాబుల్లో 'ఏమీ లేదు' ఒకటి, 'యూనివర్సిటీ చదువు' ఒకటి. ఏది నొక్కితే మార్కొస్తుందో నాకు తెలుసు. రెండోదే నొక్కాను. తప్పని ఎర్రగా పడింది. దాని కింద 'అభ్యంతరం ఉంటే తెలపండి' అని ఇంకో మీట ఉంది. నొక్కాను. "పెద్దమ్మాయికి సీటు వచ్చింది" అని రాశాను. వారంలోగా కోర్సు టీచరు జవాబివ్వాలట, అది స్టూడెంట్లందరికీ కనపడుతుందట.

భయపడకు. మార్కు నాకొద్దు. జవాబు మార్చమని కూడా అనను. నీ జవాబు కింద వివరణకి చోటుంటుంది కదా, అక్కడ ఒక్క వాక్యం రాయి: పెద్దమ్మాయి వదులుకున్నది సున్నా కాదు అని. నువ్వేం పేర్లు చెప్పక్కర్లేదు, నా పేరు అసలే వద్దు. ఈ పాఠం విన్న పిల్లల్లో ఎంతమంది ఇళ్ళల్లో ఎంతమంది అక్కలున్నారో, ఆ సున్నా వాళ్ళ నెత్తినా పడుతుంది.

నీ ఉత్తరం రెండు రోజులు మళ్ళీ మళ్ళీ తీసి చదివాను. మూడో రోజు ఆలోచిస్తే, గుమ్మంలో నిలబడింది పదిహేనేళ్ళ పిల్ల అని గుర్తొచ్చింది. బడి పోతుందని భయపడింది. ఆ పిల్లని నేనేమీ అనలేను. అన్నం కలిపి పెట్టిన దాన్ని, నాకు మనసొప్పదు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

నీ వాక్యం కోసం చూస్తుంటాను.

అక్క


స్టాఫ్ క్వార్టర్, మూడో అంతస్తు
నవంబరు 28

అక్కా,

నిన్న గడువు ఆఖరి రోజు. నా జవాబు నువ్వు ఈపాటికి చూసే ఉంటావు. చూడకపోతే ఇక్కడ దింపుతున్నాను, నా నోటితో నేనే చెప్పడం మర్యాద:

"పదిహేడో ప్రశ్నపై వచ్చిన అభ్యంతరాన్ని పరిశీలించడమైనది. ఉదాహరణలోని పెద్దమ్మాయి కల్పిత వ్యక్తి. ఆమె గురించి పాఠంలో చెప్పినదే ప్రమాణం. అభ్యంతరం తోసిపుచ్చడమైనది."

ఆరు రోజులు ఆ గడి తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు నువ్వడిగిన వాక్యం రాశాను కూడా. కానీ ఒక అభ్యంతరం ఒప్పుకున్నా కమిటీ కోర్సు మొత్తం తిరగదోడుతుంది. చేరినవాళ్ళ జాబితా చూస్తారు. మా ఆయన వాళ్ళు ఆరుగురు, తర్వాత తెచ్చిన ఏడుగురు, నువ్వు. మన ఇంటిపేరు కనపడుతుంది. ఎవరీవిడ అని అడిగితే నేనేం చెప్పను? అక్కడే దొరికిపోతాను. మా హెడ్డు నిన్ననే పిలిచి వచ్చే మూడేళ్ళకి సంతకం పెట్టించాడు. ఇప్పుడు కదిపితే మొదటికే మోసం వస్తుంది.

నీకు నాకు మధ్య నిజమేమిటో మనకి తెలుసు కదా, అది చాలదా? ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లలకి తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత? నువ్వు పెద్ద మనసు చేసుకుంటావని నాకు తెలుసు. నువ్వెప్పుడూ అంతే.

నీ చెల్లి


కుట్టు కార్ఖానా, పై అంతస్తు
డిసెంబరు 6

చిట్టీ,

నీ జవాబు కాజాల ఆవిడే ముందు చూసింది. "కల్పిత వ్యక్తి అంటే ఏంటమ్మా?" అని అడిగింది. లేని మనిషి అని చెప్పాను.

నీ సంతకం అయినందుకు సంతోషమే. అబద్ధమాడటం లేదు, ఈసారి మాత్రం ఆడదలుచుకోలేదు. నువ్వు వీధిన పడాలని నేను ఏనాడూ కోరలేదు. జాబితా, కమిటీ, ఇంటిపేరు, అన్నీ చదివాను. అన్నీ నిజమే అయ్యుంటాయి. ఆ రోజు నీ స్కూలు పోతుందన్నదీ నిజమే.

కాకపోతే ఆ రోజు నీ నోరు పెగల్లేదని తెలిశాక కూడా, నీ తరఫున నాకు నేను సర్ది చెప్పుకోగలిగాను. చిన్నపిల్ల, ఏం తెలుసు దానికి అనుకున్నాను. ఈ వారం రోజులుగా టేబుల్ దగ్గర నిలబడి, గుడ్డ కోస్తూ, మళ్ళీ అలాగే నీకోసం ఏదైనా సర్ది చెప్పుకుందామని చూస్తున్నాను. ఎంత వెతికినా మాట దొరకడం లేదు.

అప్పుడు నీకు పదిహేనేళ్ళు. ఇప్పుడు నలభై ఏడు.